మా అమ్మకు వచ్చిన ఏడు కీర్తనలు

పోయిన నెల మా బడిలో తల్లిదండ్రుల మీటింగు జరిగింది. మా బడి ఉప్పాడ రోడ్డులో, సముద్రం హోరు వినిపించేంత దగ్గరలో ఉంటుంది. వచ్చిన తల్లుల్లో సగం మంది చేపల గంపలు గేటు దగ్గర దింపి, చేతులు కడుక్కుని లోపలికి వచ్చారు. నా పక్కన కూర్చున్న తోటి టీచరు నా వైపు వంగి మెల్లగా అన్నారు. "ఇళ్ళ దగ్గర చదువుకున్నవాళ్ళు లేరండి. వీళ్ళ పిల్లలకి మనం ఎంత చెప్పినా గోడకి చెప్పినట్టే."

ఆవిడ మంచి మనిషే. పిల్లలకి తన డబ్బాలో అన్నం కూడా పెడుతుంది. అయినా నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మాట నేను చిన్నప్పటి నుంచీ వింటున్నాను. అప్పట్లో మా గురించి అనేవారు, ఇప్పుడు నా పక్కన కూర్చుని వేరేవాళ్ళ గురించి అంటున్నారు. నేను టీచరు కుర్చీలో ఉన్నాను కాబట్టి నా ఇంట్లో పుస్తకాల బీరువా ఉండి ఉంటుందని వాళ్ళ ఊహ.

మీటింగులో ఒక తల్లి లేచింది. ఆవిడ కూతురు నా దగ్గరే మూడో క్లాసు చదువుతోంది. "నాకు చదువు రాదండి టీచరుగారూ. దాని పుస్తకం తిన్నగా పట్టుకున్నానో తలకిందులుగా పట్టుకున్నానో కూడా తెలీదు. ఇంటికాడ నేనేం చెయ్యగలనండి?" అని అడిగింది.

"మీకు చెవులున్నాయి కదండీ," అన్నాను.

ఆవిడ తెల్లబోయింది. మీటింగు అయ్యాక ఆవిణ్ణి ఆపి మా అమ్మ సంగతి చెప్పాను. అవతల చేపలు పాడైపోతాయన్న కంగారులో ఆవిడ సగమే విని వెళ్ళిపోయింది. మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

మాది కోనసీమలో కాలవ గట్టు మీద ఊరు. అమ్మ ఊడుపులకీ కోతలకీ వెళ్ళేది. నాన్న కొబ్బరికాయలు ఒలిచేవాడు. నేలలో నిలబెట్టిన గునపానికి కాయని గుచ్చి, మూడు తిప్పుల్లో పీచు ఊడదీసేవాడు. ఇద్దరికీ చదువు రాదు. నాన్నకి సంతకం వచ్చు. దాన్ని ఆయన చదువు కింద జమ వేసుకునేవాడు, అమ్మ ఒప్పుకునేది కాదు.

ఇంట్లో ఒకటే పుస్తకం ఉండేది. నల్లట్ట బైబిలు పుస్తకం, అమ్మ పెళ్ళికి మా గుడివాళ్ళు ఇచ్చినది. గుడి అంటే మా లూథరన్ గుడి, వీధి చివర పెంకుల కప్పుది. రోజూ దీపాలు పెట్టే వేళకి అమ్మ కాళ్ళు కడుక్కుని, చాప పరిచి, తల మీద కొంగు కప్పుకుని, ఆ పుస్తకం ఒళ్ళో తెరిచి పెట్టుకుని ఒక కీర్తన చెప్పేది. నాన్నా నేనూ ఎదురుగా కూర్చుని వినేవాళ్ళం. తర్వాత ప్రార్థన, ఆ తర్వాత అన్నం. ప్రార్థన కాకుండా అన్నం కుండ మీద మూత లేచేది కాదు.

అమ్మకు ఏడు కీర్తనలు వచ్చు. అమ్మ చిన్నతనంలో గుడి తరఫున ఒక పెద్దమ్మగారు పొలం గట్టు మీదకే వచ్చి, నాట్లు ఊడ్చే ఆడవాళ్ళ చేత ఒక్కో మాటా పలికించి నేర్పిందట. ఊడుపు పాటల్లో కూడా అమ్మదే ముందు గొంతు. ఆవిడ ఒక చరణం ఎత్తుకుంటే వరసంతా అందుకునేది. ఒకసారి విన్న మాట మర్చిపోవడం ఆవిడకి చేతకాదు. పెళ్ళైన కొత్తలో నాన్న నోరు జారి అన్న మాటలు కూడా వరస తప్పకుండా గుర్తుండేవి, పాపం ఆయనకి.

కీర్తన చెప్పడానికి అమ్మకి పుస్తకం అక్కర్లేదు. అయినా తెరిచేది. పుస్తకం ఒళ్ళో లేకుండా చెప్తే అది ఒట్టి నోటిమాట అవుతుందని ఆవిడ భయం. ఏ పేజీ తెరుచుకుంటే ఆ పేజీ. దాని మీద వేలు పెట్టి, ఎడమ నుంచి కుడికి జరుపుతూ, కళ్ళు అక్కడే ఉంచి చెప్పేది. అది చూసి నేను చదవడం నేర్చుకున్నాను.

అంటే, చదవడమంటే అదే అనుకున్నాను. పుస్తకం తెరవాలి, వేలు పెట్టాలి, వచ్చిన మాటలు పొల్లుపోకుండా చెప్పాలి. బడిలో చేరేసరికే నాకు ఆ ఏడు కీర్తనలూ నోటికి వచ్చేశాయి. అమ్మ ఒకరోజు పుస్తకం తన ఒళ్ళోంచి తీసి నా ఒళ్ళో పెట్టింది. నేను వేలు జరుపుకుంటూ గడగడా చెప్పేశాను. అమ్మ కళ్ళు తుడుచుకుంది. నాన్న వీధిలోకి వెళ్ళి కనబడ్డవాళ్ళందరికీ చెప్పాడు.

నేను ఎవర్నీ మోసం చెయ్యలేదు. ఈ ముక్క మాత్రం గట్టిగా చెప్పాలి. నేను చదువుతున్నాననే అనుకున్నాను, మా ఇంట్లో అందరూ అలాగే అనుకున్నారు. బడిలోనూ అదే జరిగింది. ఐదు క్లాసులకీ కలిపి ఒక్కరే మాస్టారు. పెద్ద పిల్లలు పాఠం గట్టిగా చదివితే చిన్నవాళ్ళం అందరం కలిసి అరిచేవాళ్ళం. రెండుసార్లు వింటే ఆ పాఠం నాది. అక్షరాలూ గుణింతాలూ కూడా పాటలాగే వచ్చేశాయి, విడిగా చూపించి అడిగితే చెప్పేదాన్ని. వాటిని కలుపుకుని, ముందు వినని మాటని బయటికి తియ్యాల్సిన అవసరం ఒక్కనాడూ రాలేదు. మాస్టారు వేలు చూపిస్తే నేను అందుకునేదాన్ని, ఆయన భేష్ అనేవారు. ఊళ్ళో నాకు 'చిన్న పాస్టరమ్మ' అని పేరు వచ్చింది.

నేను మూడో క్లాసులో ఉండగా కోత పండుగ వచ్చింది. కొత్త పంట ఇంటికి చేరాక మా గుడిలో చేసుకునే పండుగ అది. వరి వెన్నులు, కొబ్బరి గెలలు, గుమ్మడికాయలు, కోళ్ళు అన్నీ తెచ్చి ముందర పెడతారు. ఆరాధన అయ్యాక వేలం పాడతారు. ఆ రోజు వాక్యం చదివే భాగ్యం ఎప్పుడూ చదువుకున్న పెద్దవాళ్ళదే. ఆ ఏడు నాకు ఇచ్చారు. వారం ముందే పాస్టరు అయ్యగారు అమ్మని పిలిచి ఏ కీర్తనో చెప్పారు. అది అమ్మ ఏడింటిలో ఒకటి. నేను ఎగిరి గంతేశాను. అమ్మ ఆ వారమంతా ఊడ్పుల వరసలో తలెత్తుకు తిరిగిందని తర్వాత ఎవరో అన్నారు. ఊడ్పుల కాలం కాదది, కోతల కాలం. కానీ తలెత్తుకు తిరగడం నిజమే.

పండుగ రోజున పక్క ఊరి నుంచి పెద్ద అయ్యగారు ఒకరు వచ్చారు. ఆయన వాక్యం చెప్పబోయే సంగతికి తగ్గట్టు చదవాల్సిన భాగం మార్చారు. పుస్తకం తెరిచి, బల్ల మీద పెట్టి, "ఇవాళ పంట కోత గురించిన భాగం చదువుకుందాం. చదువు తల్లీ," అన్నారు. నేను ఆ బల్ల ముందు పీట ఎక్కి నిలబడ్డాను. పేజీ చూశాను. నాకు అన్ని పేజీలూ ఒకేలా ఉంటాయి. వేలు పెట్టాను. గొంతు సవరించుకుని, ముందు అనుకున్న, కొండల గురించి ఉన్న మా కీర్తనే ఎత్తుకున్నాను.

ఒక్క మాట తడబడలేదు. అంత బాగా నేను ఎప్పుడూ చెప్పలేదు. రెండో వరసకి వచ్చేసరికి ముందు బల్లల వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. పెద్ద అయ్యగారు వంగి నా వేలు ఎక్కడుందో చూశారు. నేను ఇంకా గట్టిగా చెప్పాను. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. ఆడవాళ్ళ వైపు చూస్తే అమ్మ తల దించుకుని ఉంది, కొంగు మొహం మీదికి లాక్కుని ఉంది. పంట కోత అని అయ్యగారు అన్న మాటా విన్నది, నేను ఎత్తుకున్న మాటా విన్నది. గుడి మొత్తంలో అందరికన్నా ముందు తెలిసింది అమ్మకే.

నేను ముగించాక పెద్ద అయ్యగారు నా తల నిమిరి, దింపి, అసలు భాగం తనే చదివారు. అప్పుడు కూడా నాకు తప్పేంటో తెలియలేదు. వేలం దగ్గర పిల్లలు చెప్పారు. "పుస్తకంలో ఒకటుంటే నువ్వింకోటి చదివేవంట. నీకు చదవడం రాదంట. టేపురికార్డరంట." సాయంత్రానికి చిన్న పాస్టరమ్మ పోయి టేపురికార్డరు స్థిరపడింది.

ఇంటికి వెళ్ళాక దెబ్బలు పడతాయనుకున్నాను. అమ్మ చాప పరిచి నన్ను కూర్చోబెట్టింది. నల్లట్ట పుస్తకం తెరిచి నా ఒళ్ళో పెట్టి, "చదువు," అంది. నేను మొదటి కీర్తన ఎత్తుకున్నాను. అమ్మ పుస్తకం మూసి, వేరే చోట తెరిచి, "ఇది చదువు," అంది. నేను రెండోది ఎత్తుకున్నాను. మళ్ళీ మూసి, మళ్ళీ తెరిచింది. నేను నోరు తెరిచి ఆగిపోయాను. అప్పుడు, ఆ క్షణంలో, నాకు అర్థమైంది. ఏడుపు తన్నుకొచ్చింది.

"ఏడవకు. నీ తప్పు కాదే," అంది అమ్మ. "నేను పుస్తకం ఒళ్ళో పెట్టుకుని నోటితో చెప్పేను. నువ్వూ అదే చేసేవు. నాకు రానిది నీకు నేర్పేననుకున్నాను, నాకు వచ్చిందే నేర్పేను."

నాన్న గుమ్మంలో నిలబడి, "పోనీలేవే, మనలాంటోళ్ళకి చదువు అంత తేలిగ్గా అబ్బుద్దేంటి," అన్నాడు.

అమ్మ ఆయన వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తు. ఆయన ఆ మాట మళ్ళీ జన్మలో అనలేదు. అమ్మ లేచి ఆ పుస్తకాన్ని పాత చీరలో చుట్టి, ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది. "నువ్వు నిజంగా చదివేవని నాకు తెలిసేదాకా ఇది తియ్యను. నేనూ ముట్టుకోను," అంది.

అమ్మ ఆ పుస్తకం ఒళ్ళో లేకుండా ప్రార్థన చేసిన రోజు అంతకుముందు ఒక్కటి లేదు. ఆ సాయంత్రం ఆవిడ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకుంది.

మర్నాడు పనికి వెళ్ళకుండా నన్ను బడికి తీసుకువెళ్ళింది. మాస్టారు వరండాలోనే ఉన్నారు. "మా పిల్లకి చదవడం రాదండి మాస్టారూ," అంది.

మాస్టారు నవ్వారు. "అదేంటమ్మా, క్లాసులో అదే ఫస్టు." పుస్తకం తెరిచి పాఠం చూపించారు. నేను అప్పజెప్పాను. ఆయన చూశావా అన్నట్టు అమ్మ వైపు చూశారు. అమ్మ రొంట్లోంచి ఒక కాగితం తీసింది. దార్లో బజ్జీలు కొని, బజ్జీలు నాకు పెట్టి, కాగితం మాత్రం దాచుకుంది. నూనె మరకలున్న పేపరు ముక్క. "ఇది చదవమనండి," అంది.

నేను కాగితం చూశాను. అక్షరాలన్నీ నాకు తెలిసినవే. ఒక్క మాట బయటికి రాలేదు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు. "నేను చూసుకోలేదమ్మా. అది అంత బాగా చెప్తుంటే ఎందుకు చూస్తాను," అన్నారు. ఆయన మీద నాకు అప్పుడూ కోపం రాలేదు, ఇప్పుడూ లేదు. తప్పు ఒప్పుకున్న మాస్టార్లని నేను తర్వాత ఎక్కువమందిని చూడలేదు. నాతో సహా. ఆ రోజు నుంచి బడి వదిలాక అరగంట నన్ను కూర్చోబెట్టి ఒత్తులూ, మాటలు కలుపుకోవడమూ మొదటి నుంచి చెప్పించారు.

ఇంటి దగ్గర పని అమ్మ చేతుల్లోకి తీసుకుంది. సాయంత్రం ప్రార్థనలో కీర్తన తర్వాత నేను ఒక కాగితం చదవాలి. అది మా ముగ్గురిలో ఎవ్వరికీ తెలియని కాగితం అయ్యుండాలి, అంతే షరతు. ఎరువుల బస్తా మీద అట్ట, దగ్గు మందు డబ్బాలో మడత కాగితం, కరెంటు బిల్లు, పెళ్ళి శుభలేఖ, ఎలక్షన్ కరపత్రం. కాగితాలు తేవడం నాన్న పని. ఆయన ఆ పనిలో పడ్డాక ఊళ్ళో టీ బడ్డీల దగ్గర కాగితమన్నది మిగల్లేదు. ఒకసారి గోడ మీది సినిమా పోస్టరు తడి ఆరకుండానే ఊడబీకి, చంకలో చుట్టుకుని తెచ్చాడు. లుంగీకంతా మైదా జిగురు.

"ప్రార్థన చాప మీద సినిమా బొమ్మా?" అంది అమ్మ.

"అక్షరాలు పెద్దగా ఉన్నాయని తెచ్చేనే," అన్నాడు నాన్న.

అమ్మ బొమ్మ కనబడకుండా మడతపెట్టి అక్షరాలే చదివించింది. ఆ తర్వాత కళ్ళు మూసుకుని, ఆ కాగితం ఇచ్చినందుకు దేవుడికి స్తోత్రం చెప్పింది. ఎరువుల బస్తాకీ చెప్పింది, దగ్గు మందుకీ చెప్పింది. నాకు నవ్వు ఆగేది కాదు.

చదువు రాని అమ్మ, నేను సరిగ్గా చదివానో లేదో ఎలా కనిపెడుతుందని మొదట్లో నాకు ధీమా. కష్టమైన మాట వస్తే నోటికి తోచింది కల్పించి దాటేసేదాన్ని. మాటల వరస నాకు బాగా తెలుసు, కల్పించినా అతికినట్టే ఉండేది. అమ్మ ఊ కొట్టి, కాగితాన్ని గోడ మీది ఇనపతీగకి గుచ్చేది. మూడు రోజులు పోయాక అదే కాగితం తీసి మళ్ళీ చదవమనేది.

పురుగు మందు కాగితం దగ్గర మొదటిసారి దొరికిపోయాను. నేను ముగించాక అమ్మ అంది. "మొన్న, గాలికి ఎదురుగా నిలబడి కొట్టకూడదని ఒక మాట చదివేవు. ఇవాళ ఆ మాట రాలేదు. కాగితం మారిందా, నువ్వు మారేవా?"

నాకు దిమ్మ తిరిగింది. నిజానికి మొన్న అది కష్టపడి చదివాను, ఇవాళ బద్ధకించి వదిలేశాను. ఇంకో కాగితం తీసింది. "ఇందులో మొన్న ఆరు మాటలు చెప్పి ఊపిరి తీసుకున్నావు. ఇవాళ నాలుగే ఉన్నాయి." అన్ని కాగితాలూ ఆవిడ చెవిలో అచ్చు గుద్దినట్టు ఉండేవి. అచ్చులో ఉన్నది ఎన్నిసార్లు చదివినా మారదు, కల్పించినది ప్రతిసారీ మారుతుంది. అక్షరం ముక్క తెలియకుండా ఆ కిటుకు కనిపెట్టింది మా అమ్మ. ట్రైనింగు కాలేజీలో నాకు పెద్ద పెద్ద పుస్తకాలు చదివించారు గానీ, ఇంత పదునైన పరీక్ష వాటిలో ఒక్కదాన్లోనూ లేదు.

"రాకపోతే రాలేదని చెప్పు. ఆగు. ఆగితే తప్పు లేదు," అనేది. "కల్పించేవో, అది మందు కాగితం. ఎవడో ఒకడు నిన్ను నమ్మి తాగుతాడు."

ఈ మాట నాకు ఎక్కడ గట్టిగా తగిలిందంటే, వర్షాకాలంలో ఒకరోజు అమ్మతో ఊడ్పులకి వచ్చే ఒకావిడ, పిల్లవాడి జ్వరం మందు సీసా పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఎంత పొయ్యాలో ఆసుపత్రిలో చెప్పారట, మర్చిపోయిందట. నేను సీసా తీసుకుని కూడబలుక్కున్నాను. ఒక మాట దగ్గర ఆగిపోయాను. అటు తిప్పాను, ఇటు తిప్పాను. ఆవిడ నా మొహంలోకే చూస్తోంది. ఏదో ఒకటి చెప్పేస్తే పరువు నిలబడుతుంది. అమ్మ పొయ్యి దగ్గర నుంచి కదలకుండా వింటోంది.

"ఇది నాకు రావట్లేదండి. మాస్టారి దగ్గరికి వెళ్దాం," అన్నాను.

ముగ్గురం మాస్టారి ఇంటికి వెళ్ళాం. ఆయన ఆ మాట విడదీసి చదివించారు. తిరిగి వచ్చేటప్పుడు అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఎప్పుడూ పట్టుకునే మనిషి కాదు. ఆ రోజు నుంచి వీధిలోవాళ్ళు రేషను కార్డులూ ఆసుపత్రి చీటీలూ మా ఇంటికి తేవడం మొదలుపెట్టారు. టేపురికార్డరు అన్న నోళ్ళే అవి. నేను అన్నీ చదివాను, మనసులో కొంచెం గర్వంగానే చదివాను. ఎందుకు అబద్ధం చెప్పాలి.

మళ్ళీ కోతలు వచ్చాయి. అమ్మ నన్ను వెంటబెట్టుకుని పాస్టరు అయ్యగారి ఇంటికి వెళ్ళింది.

"ఈ ఏడు కూడా మా పిల్ల చేత వాక్యం చదివించండి అయ్యగారూ," అంది.

అయ్యగారు ఇబ్బందిగా నా వైపు చూశారు. "చిన్నపిల్లమ్మా. మళ్ళీ నలుగురూ నవ్వితే తట్టుకోలేదు."

"నవ్వితే నన్ను నవ్వుతారండి. నేను తట్టుకుంటాను. ఒక్క మాట. ఏ భాగమో ముందుగా చెప్పకండి. దానికీ చెప్పకండి, నాకూ చెప్పకండి. నాకు చెప్తే ఎవరి చేతన్నా చదివించుకుని నేర్పేసేననుకుంటారు. అందరి ముందూ తియ్యండి. ఎక్కడ తెరుచుకుంటే అక్కడ."

అయ్యగారు, "ఆయ్, అలాగే కానియ్యమ్మా," అన్నారు.

ఇంటికి వచ్చేటప్పుడు నాకు అదే గుబులు. తీగకి గుచ్చిన కాగితాలు వేరు, గుడి వేరు. అక్కడ ఆగిపోతే ఊరంతా చూస్తుంది. ఆ మాటే అమ్మతో అంటే, "ఆగితే ఆగు. ఎవడు పరుగెత్తమన్నాడు," అంది.

పండుగ రోజు గుడి నిండిపోయింది. టేపురికార్డరు మళ్ళీ మోగబోతోందని తెలిసి, ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారని నా అనుమానం. మగవాళ్ళ వైపు నాన్న కొత్త చొక్కాలో, గుమ్మడికాయ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కానుకల్లో పెట్టాల్సిన కాయ అది, కంగారులో పెట్టడం మర్చిపోయాడు. ఆడవాళ్ళ వైపు మూడో వరసలో అమ్మ ఉంది. ఆ రోజు కొంగు మొహం మీదికి లాక్కోలేదు.

పాస్టరు అయ్యగారు పుస్తకాన్ని నిలువుగా పట్టుకుని, కళ్ళు మూసుకుని, అందరి ముందూ తెరిచారు. అది తీరా చూస్తే ఊళ్ళ పేర్లూ మనుషుల పేర్లూ గుట్టలుగా ఉన్న చోటు. ఆరాధనల్లో ఎవ్వరూ చదవని చోటు. అయ్యగారి మొహంలో కూడా అయ్యో అన్న భావం కనిపించింది. మార్చబోయారు. అమ్మ కూర్చున్న చోటి నుంచే తల అడ్డంగా ఊపింది. ఆయన పుస్తకం బల్ల మీద పెట్టారు.

నేను వేలు పెట్టాను. మొదటి వరస మెల్లగా వచ్చింది. రెండోది వచ్చింది. నా గొంతు నాకే కొత్తగా ఉంది, పాట లేదు, ఊపు లేదు, ఒక్కొక్క మాటే రాయి మీద రాయి పెట్టినట్టు వస్తోంది. మూడో వరసలో ఒక ఊరి పేరు వచ్చింది. కింద ఒత్తు, పక్కన ఇంకో ఒత్తు, చివర దీర్ఘం. ఆగిపోయాను.

వెనకాల ఎవరో, "అయిపోయింది," అన్నారు. కల్పించొచ్చు. ఆ ఊరి పేరు అక్కడున్న ఎవ్వరికీ తెలియదు, నేను ఏది అన్నా అదే చెల్లుతుంది. అమ్మకి కూడా తెలియదు. వేలు ఆ అక్షరం కిందే ఉంచి, మొదటి ముక్క పలికాను. రెండో ముక్క తప్పు పలికాను. మళ్ళీ వెనక్కి వచ్చి సరిచేశాను.

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు వినిపించింది. ఆరాధన మధ్యలో పాటలకీ ఆమెన్‌కీ తప్ప ఎన్నడూ ఎత్తని గొంతు.

"ఆగింది. చదువుతోంది," అంది అమ్మ.

పక్కావిడతో అన్నట్టే అంది గానీ గుడంతా వినబడింది. ఊడుపు వరసలో పాట ఎత్తుకునే గొంతు కదా, దాన్ని తగ్గించడం ఆవిడకి రాదు. నా చదువు వినడానికే ఆ ఏడు గుడికి వచ్చిన మాస్టారు ముందు బల్లలోంచి, "అవును," అన్నారు. నేను ఆ పేరు మూడు ముక్కలూ కలిపి మొత్తం చదివాను. ఆ తర్వాత నాకు భయం వెయ్యలేదు. ఇంకా ఏడెనిమిది చోట్ల ఆగాను. ఆగిన ప్రతిచోటా తలెత్తి అమ్మని చూశాను. ప్రతిసారీ ఆవిడ మొహం వెలిగిపోతూనే ఉంది. పోయిన ఏడు ఒక్కచోట కూడా తడబడకుండా తలవంపులు తెచ్చాను. ఈ ఏడు తడబడ్డ ప్రతిచోటా అమ్మ గెలిచింది.

ముగించాక పాస్టరు అయ్యగారు వెంటనే ప్రార్థనలోకి వెళ్ళలేదు. "ఈ భాగం నేను చదివినా ఆగేవాణ్ణే," అని అందరికీ చెప్పారు. ఎవరూ నవ్వలేదు. నాన్న మాత్రం నవ్వాడు, గుమ్మడికాయ గట్టిగా పట్టుకుని.

ఇంటికి నడుస్తుంటే అమ్మ, "ఆ ఊరు పేరేంటి?" అని అడిగింది. చెప్పాను. ఒకసారి పలికి చూసుకుంది, ఆవిడకి వచ్చేసింది. "అక్కడికి మన కాకినాడ నుంచి బస్సుంటుందేంటి?" అన్నాడు నాన్న. అమ్మ కూడా నవ్వింది.

ఇప్పుడు నా క్లాసులో గడగడా చదివే పిల్లల దగ్గరికి నేను రెండోసారి వెళ్తాను. ఆగి ఆగి చదివే పిల్లని తొందరపెట్టను. పదో తరగతీ, ట్రైనింగూ, డీఎస్సీ, ఈ ఉద్యోగం, అన్నీ తర్వాత ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. వాటికి కష్టపడ్డాను గానీ భయపడలేదు. నా అసలు పరీక్ష మూడో క్లాసుకీ నాలుగో క్లాసుకీ మధ్య మా చాప మీదే అయిపోయింది. పెట్టింది అమ్మ, పాసయింది ఇద్దరం.

ఆ పండుగ సాయంత్రం దీపం పెట్టాక అమ్మ ట్రంకుపెట్టె తాళం తీసింది. పాత చీర మడతలు విప్పి నల్లట్ట పుస్తకం బయటికి తెచ్చింది. ఏడాది నుంచి ముట్టుకోలేదు కదా, రెండు చేతులతో కాసేపు అలాగే పట్టుకుంది. తన ఒళ్ళో పెట్టుకుంటుందనుకున్నాను. తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. నేను అలవాటుగా, "ఏ కీర్తన చదవనమ్మా?" అన్నాను.

"నాకు ఏడే వచ్చు," అంది అమ్మ, తల మీద కొంగు సర్దుకుని, నా ఎదురుగా కూర్చుంటూ. "ఎనిమిదోది చదువు."